స్వీట్లు లేని హాలోవీన్ భోజనం: కళ్ళు పెడితే ఇడ్లీ కూడా దెయ్యమే

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. డల్లాస్ దగ్గర ఉంటున్నారు. అక్టోబర్ 31, అంటే దెయ్యాల పండగ హాలోవీన్ సాయంత్రం, మీ ఇంటికి ఎనిమిది మంది పిల్లలు, నాలుగేళ్ళ వాడి నుంచి పదకొండేళ్ళ అమ్మాయి దాకా. పెద్దవాళ్ళు ఆరుగురు, అందులో విజయవాడ నుంచి వచ్చిన మీ అత్తగారు, మామగారు. పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగితే క్యాండీ ఎలాగూ బకెట్ల కొద్దీ వస్తుంది కాబట్టి తీపి వద్దు, ఉప్పూ కారం వంటలే కావాలి. చూడ్డానికి దెయ్యాల్లా ఉండాలి, సరదాగా ఉండాలి. సగం మంది శాకాహారులు. పైగా మీ అత్తగారు "ఇంట్లో దెయ్యాల భోజనం ఏమిటమ్మా" అంటున్నారు.

నేను న్యూజెర్సీలో పదకొండేళ్ళుగా ఈ భోజనం పెడుతున్నాను. మొదటి ఏడాది సంగతి ముందు చెప్తాను, మీకు డబ్బు మిగులుతుంది, టెన్షన్ తప్పుతుంది.

ఆ ఏడాది ఇంటర్నెట్‌లో ఫొటోలు చూసి తొమ్మిది ఐటమ్స్ అనుకున్నాను. వాటిలో నా గర్వకారణం నల్ల స్పగెట్టి. నల్ల ఫుడ్ కలర్ జెల్ డబ్బా మొత్తం ఉడికే నీళ్ళలో పిండేశాను. ఫొటోలో అదిరిపోయింది. తిన్న పిల్లల పళ్ళు, పెదాలు, నాలుక, ఒక పిల్ల తెల్లటి ఏంజెల్ డ్రెస్సు, అన్నీ నలుపు. ఒకడు బాత్రూమ్ అద్దంలో తన నోరు చూసుకుని ఏడుపు లంకించుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఒకావిడ ఫోన్ చేసి, "మావాడికి మోషన్ పచ్చగా వస్తోంది, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలా" అని అడిగింది. నల్ల రంగు ఎక్కువ తింటే అలాగే అవుతుందట, కంగారు పడాల్సింది కాదు. కానీ ఆవిడకి ఆ మాట చెప్పడానికి నాకు ఎంత సిగ్గేసిందో. తొమ్మిది ఐటమ్స్‌లో పిల్లలు తిన్నది పాప్‌కార్న్, రెండు చపాతీలు.

అప్పటి నుంచి ఒకటే పద్ధతి. రంగు జోలికి పోను, రుచి జోలికి అసలు పోను. రోజూ తినే వంటకే కళ్ళు పెడతాను. మీరే చూడండి, ఏ వస్తువుకైనా రెండు కళ్ళు పెట్టగానే అది మనల్ని చూస్తున్నట్టు ఉంటుంది. పిల్లలకి ఆ మాత్రం భయం చాలు. నోట్లో పెట్టుకుంటే మాత్రం అది తెలిసిన రుచే అయి ఉండాలి. కొత్త రూపం, కొత్త రుచి రెండూ ఒకే రోజు పెడితే ఆరేళ్ళ పిల్లాడు ముట్టుకోడు.

మీ మందికి నాలుగు చాలు: కనుగుడ్ల ఇడ్లీలు, గుడ్డ చుట్టిన ఈజిప్టు శవాల్లాంటి మమ్మీలు, కీమా మీద బంగాళాదుంప దెయ్యాలు, రంగు మారే అన్నం.

కనుగుడ్ల ఇడ్లీల గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో ఏటా ముందు ఖాళీ అయ్యే గిన్నె అదే. బటన్ ఇడ్లీ ప్లేటు ఉంటే మంచిది, లేకపోతే మామూలు ప్లేటే వాడండి, గుడ్లు కాస్త పెద్దవి అవుతాయి. మొదట్లో నేను ఇడ్లీలు వండాక పైన ఆలివ్ ముక్క అతికించేదాన్ని. అది జారిపోయేది, పైగా మన పిల్లల్లో సగం మందికి ఆలివ్ పడదు. తర్వాత ఒక చిట్కా దొరికింది. క్యారెట్‌ని కాగితంలా పల్చటి చక్రాలుగా కోసి, నూనె రాసిన ఒక్కో గుంటలో అడుగున ఒక్కో చక్రం పెట్టి, దాని మీద పిండి పోయాలి. ఉడికాక ఐదు నిమిషాలు ఆగి తీసి బోర్లిస్తే, ఇడ్లీ గుండ్రటి అడుగు భాగం పైకి వస్తుంది, దాని నడిమధ్యలో క్యారెట్ అతుక్కుని ఉంటుంది. తెల్లగుడ్డు ఇడ్లీ, నల్లగుడ్డు స్థానంలో క్యారెట్. ఇక కనుపాపకి డబ్బాలో దొరికే బ్లాక్ బీన్స్ ఒక్కోటి తీసుకుని, క్యారెట్ మధ్యలో చిన్న గాటు పెట్టి లోపలికి నొక్కండి. క్యారెట్ మందంగా కోస్తే మాత్రం ఉడకదు, ఇడ్లీ నుంచి ఊడిపోతుంది. పీలర్‌తో కాదు, కత్తితోనే, కానీ అవతలి వెలుగు కనిపించేంత పల్చగా కోయాలి.

ఎర్రటి నరాలు కావాలంటే బీట్‌రూట్ తురిమి పిండిన రసంలో టూత్‌పిక్ ముంచి, క్యారెట్ అంచు నుంచి బయటికి సన్నగా నాలుగు గీతలు గీయండి. తినే ముందే గీయాలి, ముందు గీస్తే ఇడ్లీ పీల్చుకుని గులాబీ మచ్చలవుతాయి. బీట్‌రూట్ రసం పిండిలోనే కలిపేద్దాం అనుకోవద్దు. ఆ రంగు వేడికి నిలవదు. నేను ఒకసారి ఎర్ర దోసెలు పోద్దామని బీట్‌రూట్ కలిపితే పెనం మీద మట్టి రంగుకి తిరిగాయి. అవి దెయ్యాల్లా కాదు, మాడినట్టు కనిపించాయి.

రక్తం అంటే టమాటా పచ్చడే. కాకపోతే కొబ్బరి, పప్పులు, పసుపు వేయొద్దు, వేస్తే నారింజ రంగుకి పోతుంది. బాగా పండిన టమాటాలు, వేడినీళ్ళలో నానబెట్టిన నాలుగైదు బ్యాడిగి మిరపకాయలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు. నూనెలో మగ్గించి, గ్రైండ్ చేసి, జల్లెడలో వడకట్టండి. బ్యాడిగి కారం తక్కువ, రంగు ఎక్కువ, పిల్లలకి సరిపోతుంది. తాళింపు దగ్గరే మనసు పీకుతుంది, తెలుసు. కానీ ఆవాలూ కరివేపాకూ తేలుతుంటే అది రక్తంలా ఉండదు, పచ్చడిలానే ఉంటుంది. ఇంగువ వేసి కాచిన నూనె మాత్రం వడకట్టి కలపండి. లోతు తక్కువ తెల్ల పళ్ళెంలో పచ్చడి పోసి, గుడ్లన్నీ పైకి చూసేట్టు పేర్చండి. కొన్నింటిని పక్కకి తిప్పండి. అన్నీ ఒకే వైపు చూస్తే బొమ్మల కొలువులా ఉంటుంది, తలో వైపు చూస్తేనే బాగుంటుంది.

మమ్మీలకి క్రెసెంట్ రోల్ పిండి డబ్బా (షాపులో దొరికే పచ్చి రొట్టె పిండి) తెచ్చుకోండి. డబ్బాకి ఎనిమిది ముక్కలు వస్తాయి. వాటిని విడదీయకుండా గాట్లు నొక్కి కలిపేసి, ఒకే షీటుగా చేసి, పిజ్జా కట్టర్‌తో సన్నటి పట్టీలు కోయండి. కట్టు కట్టినట్టు అడ్డదిడ్డంగా చుట్టి, ముఖం దగ్గర వేలెడు ఖాళీ వదలండి. బిగించి చుట్టొద్దు, అవెన్‌లో పిండి ఉబ్బి పట్టీలు తెగుతాయి. 375 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 12 నుంచి 15 నిమిషాలు. లోపల ఏం పెట్టాలన్నది మీ అతిథులని బట్టి ఉంటుంది. శాకాహారులకి వేలంత పొడవు పనీర్ ముక్కలు: ఉప్పు, కారం, కాస్త చాట్ మసాలా పట్టించి, పేపర్ టవల్‌తో గట్టిగా తడి అద్దాలి, లేదంటే అడుగున పిండి పచ్చిగానే ఉంటుంది. పెద్దవాళ్ళకి నా ఓటు హాలపీన్యో మిరపకాయలకి. మిరపకాయ బజ్జీకి చేసినట్టే గింజలు తీసి, లోపల ఆలూ కూర కూరి, పిండి పట్టీలు చుట్టండి. శనగపిండి లేని బజ్జీ అనుకోండి. మీ మామగారు నాలుగు తింటారు.

మాంసాహారులకి హాట్‌డాగ్ పెడతానంటే ప్యాకెట్ వెనక ఉన్నది మొత్తం చదవండి. పైన చికెన్ అని రాసి ఉన్నా కొన్ని రకాల్లో పై పొర పంది పేగుదో, గొడ్డు మాంసపు కొల్లాజెన్‌దో ఉంటుంది. తినేవాళ్ళకి చెప్పకుండా పెట్టడం బాగోదు. ఇంకోటి, మీ నాలుగేళ్ళ వాడి వయసు పిల్లలకి హాట్‌డాగ్ గుండ్రటి ముక్కలుగా కోసి ఇవ్వొద్దు, గొంతుకి సరిగ్గా అడ్డం పడే సైజు అది. నిలువుగా చీల్చి, చిన్న ముక్కలు చేసి ఇవ్వండి.

మమ్మీల కళ్ళకి అవెన్‌లోంచి తీశాక మయొనీస్ రెండు చుక్కలు, వాటి మీద చెరో నల్ల నువ్వు గింజ. నువ్వులు పడని పిల్లలు ఉన్నారేమో ముందే వాళ్ళ అమ్మల్ని అడగండి. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వుల్ని కూడా పెద్ద అలెర్జీ పదార్థాల జాబితాలో తొమ్మిదోదిగా చేర్చారు, అంత మందికి పడట్లేదు. అనుమానం ఉంటే నువ్వు బదులు బ్లాక్ బీన్ చిన్న ముక్క పెట్టండి. ఇక ఆ రాత్రి మీ ఇంట్లో "మమ్మీ, నేను మమ్మీని తినేశా" అన్న మాట కనీసం ఇరవై సార్లు వినాలి, సిద్ధంగా ఉండండి.

మూడోది అసలు భోజనం. హాలోవీన్‌కి ఉప్పూ కారం తిండి ఎక్కడుందని మీ ఇంట్లో ఎవరో అడిగారన్నారు కదా. క్యాండీ పంచడం అమెరికాలో బాగా పెరిగింది గానీ, ఈ పండగకి పుట్టిల్లయిన ఐర్లండ్‌లో ఆ రాత్రి తినేది కోల్‌కానన్. అంటే వెన్న వేసి మెత్తగా మెదిపిన బంగాళాదుంపలో కేల్ ఆకో, క్యాబేజీయో కలిపిన ముద్ద. అందులో ఉంగరమో, నాణెమో దాచేవాళ్ళు. ఉంగరం వచ్చినవాళ్ళకి పెళ్ళి, నాణెం వచ్చినవాళ్ళకి డబ్బు అని నమ్మకం. మీరు మాత్రం ఏమీ దాచొద్దు, చిన్న పిల్లలున్న ఇల్లు. గుమ్మడికాయ కూడా తర్వాత వచ్చిందే. ఐర్లండ్, స్కాట్లండ్‌లలో టర్నిప్ దుంపలు తొలిచి దీపాలు పెట్టేవాళ్ళు. అమెరికా వచ్చాక గుమ్మడికాయ దొరికింది, పెద్దది, తొలవడం తేలిక.

నేను ఆ బంగాళాదుంప ముద్దతోనే దెయ్యాలు చేస్తాను. అవెన్ గిన్నెలో అడుగున కీమా కూర, నీళ్ళు బాగా ఇగిరిపోయేలా వండింది. శాకాహారులకి వేరే గిన్నెలో సోయా కీమా, లేదా చిక్కటి రాజ్మా. రెండు పౌండ్ల రసెట్ బంగాళాదుంపలు ఉడికించి, నీళ్ళు వంచేసి, మళ్ళీ పొయ్యి మీద ఒక నిమిషం ఆరనిచ్చి మెదపండి. వెన్న, ఉప్పు, మిరియాల పొడి, పాలు చాలా కొంచెం. మిక్సీలో మాత్రం వేయొద్దు, బంకలా సాగుతుంది, ఇంక దాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఈ ముద్దని జిప్‌లాక్ కవర్లో నింపి, మూల కత్తిరించి, కూర మీద జిలేబీ చుట్టినట్టు కాకుండా నిలువుగా కుప్పలా పిండుతూ పైకి లాగి వదలండి. అదే దెయ్యం. 400 డిగ్రీల్లో పావుగంట పెడితే కొసలు కాస్త ఎర్రబడతాయి. తర్వాత కళ్ళు. కళ్ళు ముందు పెడితే ముద్ద వేడికి కిందకి జారి, దెయ్యాలు ఏడుస్తున్నట్టు ఉంటాయి. మా అబ్బాయికి అవే నచ్చాయి, అది వేరే సంగతి.

నాలుగోది నిజంగా మ్యాజిక్. సగం ఊదా రంగు క్యాబేజీ తరిగి నాలుగు కప్పుల నీళ్ళలో పది నిమిషాలు మరిగించి వడకట్టండి. ఆ నీళ్ళతో రెండు కప్పుల బాస్మతి వండండి. అందులో బిర్యానీ ఆకు, జీలకర్ర, చెంచా నెయ్యి వేయకపోతే క్యాబేజీ వాసన వస్తుంది. అన్నం నీలం, ఊదా మధ్య రంగులో దిగుతుంది. కుళాయి నీళ్ళలో క్షారం ఎక్కువుంటే ఇంకా నీలంగా వస్తుంది. ఇప్పుడు పిల్లలందరికీ తలా ఒక మందు సిరంజి, కొత్తది, మందు సీసాలతో వచ్చే ప్లాస్టిక్‌దే, అందులో నిమ్మరసం నింపి ఇవ్వండి. పళ్ళెంలో అన్నం మీద చుక్కలు వేస్తే, పడిన చోటల్లా కళ్ళముందే గులాబీ రంగు విచ్చుకుంటుంది. ఎర్ర మందారాలతో ఇంటి దగ్గర స్కూల్లో చేసిన ప్రయోగం గుర్తుందా, అదే. తిరగేసి చూస్తే ఇది పసుపు లేని నిమ్మకాయ పులిహోర. అందుకే మన పిల్లలు మారుమాట లేకుండా తింటారు. పొరపాటున కూడా పసుపు వేయొద్దు, ఆకుపచ్చగా బురదలా అవుతుంది.

ఇవి కాక టైమ్ ఉంటే నారింజ రంగు బెల్ పెప్పర్లకి ముఖాలు కోసి లోపల అన్నం కూరొచ్చు. మూడు నిమిషాలు వేడినీళ్ళలో ఉంచి తీయండి, అంతకంటే ఎక్కువైతే ముఖం కూలిపోతుంది. పూర్తి కాలీఫ్లవర్‌ని వేయించి మెదడు అని పెట్టడం కూడా చాలామంది చేస్తారు. పెద్దవాళ్ళకి బాగుంటుంది, పిల్లలు ముట్టుకోగా నేను చూడలేదు.

ముఖాలు చెక్కే పెద్ద గుమ్మడికాయని కూరకి వాడదామనుకోకండి, నీళ్ళూ పీచూ తప్ప రుచి ఉండదు. దప్పళానికి, పులుసుకి షుగర్ పంప్‌కిన్ అని అమ్మే చిన్నవి కొనండి. పెద్దదాంట్లోంచి తీసిన గింజలు మాత్రం పారేయొద్దు. కడిగి, బట్ట మీద ఆరబెట్టి, ఉప్పూ కారం పట్టించి 325 డిగ్రీల్లో మధ్యమధ్య కలుపుతూ ఇరవై నిమిషాల పైన వేయించండి.

రెండు వస్తువులకి నేను ఒప్పుకోను. ఒకటి నల్లగా కనిపించడానికి వాడే యాక్టివేటెడ్ చార్‌కోల్, అంటే ఒక రకం బొగ్గు పొడి. అది పొట్టలో మందుల్ని పీల్చేసుకుంటుంది. బీపీకో షుగర్‌కో రోజూ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళున్న ఇంట్లో అది తిండిలో ఉండకూడదు. రెండోది పొగల కోసం డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. సున్నాకి దిగువన 78 డిగ్రీల సెల్సియస్, చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టే అవుతుంది, మూసిన గదిలో ఆ గ్యాస్ మంచిది కాదు. ఎనిమిది మంది పిల్లలు ఒకచోట ఉన్న సాయంత్రం దాన్ని కనిపెట్టుకుని కూర్చోవడం మీ వల్ల కాదు.

టైమ్ సంగతి. మీ డల్లాస్ వైపు ఆ రోజు సూర్యాస్తమయం ఆరున్నర దాటాకే, మాకు ఆరు కాకముందే చీకటి. అయినా చిన్న పిల్లలు ఐదున్నర నుంచే గుమ్మం దగ్గర గెంతుతుంటారు. అందుకని ఐదు గంటలకి భోజనం పెట్టేయండి, డ్రెస్సులు వేయకముందే. స్పైడర్‌మ్యాన్ చేతి తొడుగులతో ఇడ్లీ తినడం నేను చూశాను, మీరు చూడొద్దు. ముందు రోజు రాత్రి పచ్చడి, కీమా, రాజ్మా, క్యాబేజీ నీళ్ళు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, ఆ రోజు మూడింటికి ఇడ్లీలు, మూడున్నరకి బంగాళాదుంపలు, నాలుగింటికి అన్నం, నాలుగుంబావుకి మమ్మీలు చుట్టడం. అవెన్ ఒక్కటే అయితే ముందు దెయ్యాలు, తర్వాత మమ్మీలు. క్యాండీ కోసం తిరిగి వచ్చేసరికి ఆకలేస్తుందని గిన్నెలు బయటే వదిలేసి వెళ్ళకండి, రెండు గంటలు దాటితే ఫ్రిజ్‌లో ఉండాల్సిందే.

ఇక మీ అత్తగారి మాట. మా అత్తగారు కూడా మొదట అదే అన్నారు. నేను వాదించలేదు. ఇక్కడి ఇళ్ళ ముందు గుమ్మడికాయలు చూపించి, "మనం కూడా గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టి, మీసాలూ కోరలూ గీస్తాం కదా అత్తయ్యా, వీళ్ళు దాన్నే కింద పెట్టి దీపం వెలిగిస్తున్నారు" అన్నాను. ఆవిడ కాసేపు చూసి, "వీళ్ళకి మీసాలు గీయడం రాదు" అన్నారు. ఆ సాయంత్రం టేబుల్ దగ్గర కూర్చుని ఇడ్లీలన్నింటికీ బ్లాక్ బీన్స్ పెట్టింది ఆవిడే. 2024లో దీపావళీ హాలోవీనూ ఒకే రోజు, అక్టోబర్ 31నే వచ్చాయి. ఆ ఏడాది హాలోవీన్ వంటలన్నీ శాకాహారమే, గుమ్మడికాయ లోపల ప్రమిద, పక్కన మతాబులు. కొన్నేళ్ళు ఆ తేదీ కార్తీకమాసంలో పడుతుంది. మీవాళ్ళకి పట్టింపు ఉంటే కీమా మానేసి రెండు గిన్నెలూ రాజ్మాయే చేయండి, దెయ్యాలకి తేడా తెలియదు.

చివరగా, నాలుగేళ్ళ వాడు భయపడతాడేమో అని అడిగారు. వాణ్ణి మూడింటికే వంటింట్లోకి తెచ్చి, స్టూలు వేసి, మమ్మీలకి మయొనీస్ చుక్కలు వాడి చేతే పెట్టించండి. వంకరగా పెడతాడు, ఒక్కోదానికి మూడు కళ్ళు పెడతాడు, పెట్టనివ్వండి. క్యారెట్ చక్రాలు మాత్రం ఓ ఇరవై ఎక్కువే కోసి డబ్బాలో పెట్టి ఉంచుకోండి. మా ఇంట్లో నవంబర్ ఒకటో తారీకు పొద్దున టిఫిన్‌కి కూడా కళ్ళున్న ఇడ్లీలే అడుగుతారు.